కాటన్ దొర ఇంటిపేరుకీ పత్తికీ సంబంధం ఉందా? ఇంగ్లీషు, స్కాటిష్ ఇంటిపేర్ల మీద చర్చ

గోదావరి_బిడ్డ

అందరికీ నమస్కారం. మాది ధవళేశ్వరం పక్కన చిన్న ఊరు. కాటన్ దొర పేరు మా ఇళ్ళల్లో ఎంత మామూలో మీకు తెలిసిందే. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి ఒక సందేహం అడిగాడు. కాటన్ అంటే పత్తి కదా, మరి ఆయన తాతముత్తాతలు పత్తి వ్యాపారులా అని. నెట్‌లో వెతికితే ఒక్కో సైటు ఒక్కో కథ చెబుతోంది. సి.పి. బ్రౌన్, మెకంజీ, మన్రో అంటూ మన జిల్లాల చరిత్రలో అడుగడుగునా తగిలే ఈ ఇంటిపేర్లకు అసలు అర్థాలు ఉన్నాయా? తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి.

సువర్ణ_టీచర్

పత్తికీ ఆ ఇంటిపేరుకీ ఏ సంబంధమూ లేదు బాబూ. పాత ఇంగ్లీషులో ‘కాట్’ అంటే గుడిసె, చిన్న ఇల్లు. ఇప్పటి ‘కాటేజ్’లో ఉన్నది ఆ మాటే. దానికి బహువచనంలో ‘దగ్గర’ అనే విభక్తి చేరితే ‘కోటుమ్’ అయింది, అంటే ‘గుడిసెల దగ్గర’. అలా పేరుపడ్డ పల్లెలు ఇంగ్లండులో చాలా ఉన్నాయి. కాటన్, కోటన్, కోటమ్ అన్నీ ఆ కోవవే. ఆ పల్లె నుంచి బయటికి వెళ్ళి స్థిరపడినవాణ్ణి కొత్త ఊరివాళ్ళు ‘కాటన్ నుంచి వచ్చినవాడు’ అన్నారు. తర్వాత పిల్లలకూ అదే నిలిచింది.

పత్తి అనే అర్థమున్న కాటన్ వేరే మాట. అది అరబ్బీ ‘ఖుత్న్’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన రెండు మాటలకు స్పెల్లింగు ఒకటే అయింది, అంతే. ఆర్థర్ కాటన్ గారిది చెషైర్‌లో కాంబర్‌మియర్ అనే చోట స్థిరపడ్డ కాటన్‌ల వంశశాఖ. వాళ్ళు భూస్వాములు.

మీ అబ్బాయికి ఒక్క సంగతి చెప్పండి. ఇంగ్లీషు ఇంటిపేరు కనబడగానే ఇప్పటి డిక్షనరీ తీయకూడదు. ఆ పేరు ఏ ఊళ్ళో, ఏ శతాబ్దంలో పుట్టిందో ముందు అడగాలి.

సికింద్రాబాద్_శ్రీ

టీచర్ గారూ, అంటే వాళ్ళకూ ఇంటిపేర్లు ఊరి నుంచే వచ్చాయా? నేను స్మిత్, టేలర్ చూసి అన్నీ వృత్తుల పేర్లే అనుకున్నాను. ఇంతకీ ఎప్పటి నుంచి ఉన్నాయి ఇవి?

లీడ్స్_లక్ష్మి

శ్రీ గారూ, నేను ఉండేది యార్క్‌షైర్‌లో. ఇక్కడి పాత రికార్డుల ఆఫీసులో సెలవు రోజుల్లో వాలంటీరుగా పనిచేస్తాను. అందుకే ఈ టాపిక్ కనబడితే ఆగలేకపోయాను. కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

1066కు ముందు ఇంగ్లండులో వంశపారంపర్య ఇంటిపేరు అనే పద్ధతి లేదు. మనిషికి ఒకటే పేరు. గాడ్విన్, ఎడ్రిక్, లియోఫ్రిక్ లాంటి పేర్లు వందల కొద్దీ ఉండేవి కాబట్టి పెద్దగా తికమక ఉండేది కాదు. 1066లో ఫ్రాన్సు తీరం నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలిచాక కొద్ది తరాల్లోనే జనం ఆ పాత పేర్లు వదిలేసి విలియం, రాబర్ట్, రిచర్డ్, హెన్రీ, జాన్ పెట్టుకోవడం మొదలుపెట్టారు. 14వ శతాబ్దానికి వచ్చేసరికి మగవాళ్ళలో నలుగురికి ఒకరి కంటే ఎక్కువమంది జాన్‌లే. ఒక ఊళ్ళో అంతమంది జాన్‌లు ఉంటే పన్ను రాసుకునే గుమాస్తా ఎలా గుర్తుపట్టాలి? కమ్మరి జాన్, కొండ దగ్గరి జాన్, రిచర్డ్ కొడుకు జాన్, ఎర్రజుట్టు జాన్ అని రాసుకున్నాడు. నేను చూసినంతలో ఇంగ్లీషు ఇంటిపేర్లన్నీ ఈ నాలుగు రకాల్లో ఏదో ఒకదానిలోకి వచ్చేస్తాయి.

మొదట్లో ఇవి ఆ మనిషితోనే పోయేవి. కమ్మరి జాన్ కొడుకు రొట్టెలు కాలిస్తే వాడు బేకర్. భూములున్న పెద్ద కుటుంబాలు వారసత్వం కోసం ముందుగా పేరును స్థిరం చేసుకున్నాయి. దక్షిణాన సామాన్యులకు 13, 14 శతాబ్దాల్లో, మా ఉత్తరాన ఇంకా ఆలస్యంగా, ఇవి వంశపారంపర్యం అయ్యాయి. 1377, 1379, 1381 సంవత్సరాల్లో తలపన్ను వేశారు. ఆ జాబితాలు చదువుతుంటే పేరు మారే ఘట్టం కళ్ళముందు కనబడుతుంది. ఇంటిపేరు స్మిత్, పక్కన వృత్తి కూడా కమ్మరి అని ఉన్న మనుషులు ఉంటారు. ఇంటిపేరు స్మిత్, చేసే పని మాత్రం వేరే అని ఉన్నవాళ్ళూ ఉంటారు. ఆ రెండోవాడి దగ్గర అది నిజంగా ఇంటిపేరు అయిపోయిందన్నమాట. 1381లో ఆ తలపన్ను మీద తిరగబడ్డ రైతుల నాయకుడు వాట్ టైలర్. టైలర్ అంటే ఇక్కడ దర్జీ కాదు, ఇళ్ళకు పెంకులు నేసేవాడు. దర్జీ ఇంటిపేరు టేలర్, అది వేరు.

1538లో థామస్ క్రామ్‌వెల్ ప్రతి చర్చీలో పుట్టుక, పెళ్ళి, చావు నమోదు చేయాలని ఆజ్ఞ ఇచ్చాడు. దాంతో ఇంటిపేర్లు కాగితం మీద గట్టిపడ్డాయి.

పాత_కాగితాలు

లక్ష్మి గారు మంచి పునాది వేశారు. వృత్తుల గురించి నేను కొంత కలుపుతాను, నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే.

వాకర్ అంటే నడిచేవాడు అనుకుంటాం. నిజానికి వాడు బట్ట తొక్కేవాడు. మగ్గం మీంచి దిగిన ఉన్నిబట్ట పలచగా, జిడ్డుగా ఉంటుంది. దాన్ని తొట్టిలో నీళ్ళలో వేసి గంటల తరబడి కాళ్ళతో తొక్కితే జిడ్డు పోయి పోగులు దగ్గరపడి బట్ట చిక్కనవుతుంది. ఈ పని చేసేవాణ్ణి ఉత్తరాన, మధ్య ఇంగ్లండులో వాకర్ అన్నారు. లండన్ చుట్టుపక్కల ఆగ్నేయంలో ఫుల్లర్ అన్నారు. నైరుతిలో డెవన్, సోమర్సెట్ వైపు టక్కర్ అన్నారు. పని ఒకటే, ఇంటిపేర్లు మూడు. ఈ ముగ్గురిలో ఎవరు కనబడినా పూర్వీకులు ఏ దిక్కువాళ్ళో చాలావరకు చెప్పేయవచ్చు. ఉన్ని వ్యాపారం ఆ దేశానికి ఎంత ముఖ్యమో చూడండి. వెబ్, వెబర్, వెబ్‌స్టర్ నేతవాళ్ళు, డయ్యర్ రంగులు అద్దేవాడు, షేర్‌మన్ బట్ట మీద నూగు కత్తిరించేవాడు. ఒక్క బట్ట తయారీలోనే ఇన్ని ఇంటిపేర్లు.

వెబ్‌స్టర్ చివర ఉన్న ‘స్టర్’ పాత ఇంగ్లీషులో స్త్రీలను సూచించే ప్రత్యయం. బేకర్ మగవాడు, బాక్‌స్టర్ ఆడమనిషి. బ్రూస్టర్ అంటే బీరు కాచే స్త్రీ. తర్వాత ఆ తేడా చెరిగిపోయి మగవాళ్ళకూ వాడారు, స్కాట్లండులో మరీను. కానీ మొదట్లో ఆ పనులు చేసి పేరు తెచ్చుకున్నది ఆడవాళ్ళే అనడానికి ఆ ప్రత్యయం సాక్ష్యం.

వంశవృక్షం

అర్థం తప్పుగా అనిపించే పేర్లు ఇంకొన్ని చెబుతాను. కవర్డ్ (Coward) అనే ఇంటిపేరు పిరికివాడు కాదు, ఆవులకాపరి. బార్కర్ మొరిగేవాడు కాదు, చెట్టుబెరడుతో తోళ్ళు ఊనేవాడు. ఫాస్టర్ చాలాచోట్ల అడవికాపలా ఫారెస్టరే. స్పెన్సర్ అంటే పెద్దింట్లో సరుకుల గది చూసుకునేవాడు. బాండ్ అంటే జమీందారు కింద కట్టుబడి దున్నుకునే రైతు. పార్కర్ వేటవనం కాపలాదారు.

ఫార్మర్ ఇంకా విచిత్రం. ఈ ఇంటిపేరుకు మూలం రైతు కాదు. ఫ్రెంచి ‘ఫెర్మియే’ నుంచి వచ్చింది. సర్కారుకు ఇంత సొమ్ము కడతానని గుత్తకు తీసుకుని జనం దగ్గర పన్ను వసూలు చేసుకునేవాడు. మన నిజాం జిల్లాల్లో ఇజారాదారు చేసిన పనే ఇది. పొలం కౌలుకు తీసుకున్నవాణ్ణి కూడా అదే మాటతో పిలిచీ పిలిచీ చివరికి రైతు అనే అర్థం తర్వాత స్థిరపడింది.

కింగ్, బిషప్, పోప్ అనే ఇంటిపేర్లు ఉన్నవాళ్ళు రాజవంశీకులూ కాదు, పోప్ గారి మనవళ్ళూ కాదు. ఊళ్ళో ఆడే చర్చి నాటకాల్లో ఆ వేషం కట్టినవాడికి, లేదా అలా దర్జాగా నడిచేవాడికి జనం పెట్టిన పేరు అది.

సికింద్రాబాద్_శ్రీ

ఇజారాదారు పోలిక బాగుంది అన్నా. మా హైదరాబాదులో పామర్ కంపెనీ అని నిజాంకు అప్పులిచ్చిన సంస్థ ఉండేది కదా, విలియం పామర్ ది. పామర్ అంటే?

వంశవృక్షం

జెరూసలేం యాత్ర చేసి వచ్చినవాడు, తమ్ముడూ. యాత్రికులు గుర్తుగా తాటిజాతి మట్ట ఒకటి వెంట తెచ్చుకునేవాళ్ళు. ఆ మట్ట పామ్, తెచ్చినవాడు పామర్. మన దగ్గర కాశీకి వెళ్ళి వచ్చినవాళ్ళకు ఊళ్ళో ఉండే గౌరవమే వాళ్ళకూ ఉండేది.

రాయలసీమ_రాగి

జాన్సన్ అంటే జాన్ కొడుకు, అది తెలుస్తోంది. మరి డిక్సన్, హాడ్జ్‌సన్, వాట్సన్‌లలో ఉన్న డిక్, హాడ్జ్, వాట్ ఎవరు? అలాంటి పేర్లు ఇప్పుడు ఎక్కడా వినబడవు.

లీడ్స్_లక్ష్మి

అవన్నీ ముద్దుపేర్లే అన్నా. ఇంట్లో పిలుచుకునేవి. రిచర్డ్‌ను రిక్ అన్నారు, దాని ప్రాసతో డిక్, హిక్ అన్నారు. డిక్ నుంచి డిక్సన్, హిక్ నుంచి హిక్సన్, హిగ్గిన్స్. రోజర్‌ను హాడ్జ్ అన్నారు, దాన్నుంచి హాడ్జ్‌సన్, హాడ్జ్‌కిన్సన్. రాబర్ట్‌కు రాబ్, హాబ్, డాబ్. వాటి నుంచి రాబ్సన్, రాబిన్సన్, హాబ్సన్, హాప్కిన్స్, డాబ్సన్. ఈ అయిదూ ఒకే రాబర్ట్ సంతానం అంటే నమ్మడం కష్టం, కానీ నిజం. వాల్టర్‌ను వాట్ అన్నారు, ఆవిరియంత్రం జేమ్స్ వాట్ ఇంటిపేరు అదే. గిల్బర్ట్ నుంచి గిబ్సన్, సైమన్ నుంచి సింప్సన్, ఆడమ్ నుంచి అట్కిన్సన్.

అమ్మ పేరుతో వచ్చినవీ ఉన్నాయి. మటిల్డాను టిల్లీ, టిల్లట్ అన్నారు, ఆమె కొడుకు టిల్లట్సన్. మార్గరెట్‌ను మెగ్ అన్నారు, మెగ్సన్. తండ్రి లేకనే అమ్మ పేరు వచ్చిందని కొందరు రాస్తుంటారు. ఆ మాట నాకు నచ్చదు. భర్త పోయి ఇల్లు నడిపిన ఆవిడా, ఆస్తి తన పేరున ఉన్న ఆవిడా ఊళ్ళో అందరికీ తెలిసిన మనిషే. పిల్లల్ని ఆమె పేరుతో పిలవడంలో ఆశ్చర్యం ఏముంది?

ఇంకొక్క సంగతి. చివర ‘సన్’ ఉంటే ఎక్కువగా ఉత్తరం, లేదా స్కాట్లండు. ఒకప్పుడు డేన్‌లు, నార్వే వాళ్ళు స్థిరపడ్డ ప్రాంతం ఇది. ఊరి పేర్ల చివర ‘బీ’, ‘త్వెయిట్’, ‘థార్ప్’ వాళ్ళు వదిలి వెళ్ళినవే. కర్బీ, సెల్బీ, ఆపిల్‌బీ ఇంటిపేర్లు అందుకే ఇటువైపు ఎక్కువ. దక్షిణాన, వేల్స్ సరిహద్దున ‘సన్’ లేకుండా ఒక్క ‘స్’ చేర్చారు, విలియమ్స్, రాబర్ట్స్ అని.

ఎడిన్‌బరా_తెలుగోడు

స్కాట్లండు గురించి ఎవరూ మొదలుపెట్టలేదు కాబట్టి నేను అందుకుంటాను. గోదావరి_బిడ్డ గారు మెకంజీ గురించి అడిగారు. ఆ ఒక్క పేరులో ఒక పెద్ద కథ ఉంది.

మన గ్రామాల కైఫియత్తులు సేకరించిన కాలిన్ మెకంజీ లూయిస్ దీవిలో స్టోర్నవే పట్నంలో 1754లో పుట్టాడు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఆయనకు కుడిభుజాలు. 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆ దీవిలో మాట్లాడే భాష గేలిక్. గేలిక్‌లో ‘మాక్’ అంటే కొడుకు. కోన్నెహ్ అనే పేరు ఇంగ్లీషులో కెన్నెత్ అయింది, అందగాడు అని అర్థం. మాక్ కోన్నిహ్ అంటే కెన్నెత్ కొడుకు. మరి ఇందులో ‘జ’ ఎక్కణ్ణుంచి వచ్చింది?

పాత స్కాట్స్ రాతలో ‘యోఖ్’ అనే అక్షరం ఉండేది. దాని ధ్వని మన ‘య’కు దగ్గర. చూడడానికి 3 అంకెలా ఉంటుంది. అచ్చుయంత్రాలు వచ్చాక పరదేశాల నుంచి తెచ్చిన అచ్చుల్లో ఆ అక్షరం లేదు. అచ్చువాళ్ళు ఆకారంలో దగ్గరగా ఉందని జెడ్ అక్షరం పెట్టేశారు. చదివేవాళ్ళు కొన్నాళ్ళకు ఉన్నది ఉన్నట్టు జెడ్ అని పలకడం మొదలుపెట్టారు. ఒకప్పుడు ఆ పేరును ‘మకెన్యీ’ అనే పలికేవారు. మనం తెలుగులో మెకంజీ అని రాసేటప్పుడు ఆ జ వెనక ఉన్నది దొరకని ఒక అచ్చు అక్షరం!

కొన్ని పేర్లు మాత్రం పాత ఉచ్చారణను నిలబెట్టుకున్నాయి. మెన్జీస్ అని రాసి ఉంటే ఇక్కడ ‘మింగిస్’ అంటారు. బ్రిటన్ లిబరల్ డెమోక్రాట్ల పార్టీకి ఒకప్పటి నాయకుడు మెన్జీస్ క్యాంప్‌బెల్‌ను అందుకే అందరూ మింగ్ అనేవారు. డాల్జీల్ అని రాసి ‘డీయెల్’ అంటారు. షెట్లండు దీవులను కాగితాల మీద జెట్లండు అని రాసేవారు, అదీ ఈ అక్షరం పనే. ఎడిన్‌బరాకు కొత్తగా వచ్చే తెలుగు పిల్లలు ఆఫీసులో మొదటి రోజే ఇలాంటి పేరు చదవాల్సి వస్తే టెన్షన్ పడతారు. ఎలా పలకాలో అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, అడగండి.

సువర్ణ_టీచర్

చాలా బాగా చెప్పావు నాయనా. హైలాండ్స్‌లో, అంటే స్కాట్లండు ఉత్తరాన కొండప్రాంతంలో, ఈ మాక్ పేర్లు మొదటి నుంచీ స్థిరంగా ఉన్నాయా, లేక తరానికొకటి మారేవా?

ఎడిన్‌బరా_తెలుగోడు

మారేవి టీచర్ గారూ. లోలాండ్స్‌లో, అంటే దక్షిణాన పల్లపు నేలల్లో, నార్మన్ ప్రభువులు 12వ శతాబ్దంలో మొదటి డేవిడ్ రాజు కాలంలోనే ఇంటిపేర్లతో వచ్చేశారు. బ్రూస్ అనేది నార్మండీలో బ్రి అనే ఊరి నుంచి వచ్చింది. స్టువర్ట్ వంశం మూలపురుషుడు వాల్టర్ ఫిట్జ్ అలన్ పూర్వీకులు ఫ్రాన్సులోని బ్రిటనీవాళ్ళు. డేవిడ్ ఆయన్ను రాజగృహ వ్యవహారాలు చూసే స్టివర్డ్‌ను చేశాడు. ఆ ఉద్యోగం వంశపారంపర్యమై, పదవి పేరే ఇంటిపేరైంది. 1371లో ఆ ఇంటివాడే రెండో రాబర్ట్‌గా సింహాసనం ఎక్కాడు. ఫ్రాన్సులో పెరిగిన మేరీ రాణి కాలంలో ఫ్రెంచి అలవాటు ప్రకారం స్పెల్లింగు కొంత మారింది.

హైలాండ్స్ సంగతి వేరు. అక్కడ 18వ శతాబ్దం దాకా చాలామంది సామాన్యులకు స్థిరమైన ఇంటిపేరు లేదు. ‘డోనల్ మాక్ ఇయన్ విక్ హేమిష్’ అంటే జేమ్స్ కొడుకైన జాన్ కొడుకు డోనల్డ్. తాత పేరు దాకా చెప్పేస్తే ఊళ్ళో గుర్తుపట్టేవారు. ఆడవాళ్ళకు మాక్ రాదు, ‘నిక్’ వస్తుంది, ఫలానా వారి కూతురు అని. దొర కింద భూమి దున్నుకునేవాళ్ళు, రక్షణ కోరి వచ్చినవాళ్ళు దొర ఇంటిపేరు తీసుకునేవారు. అందుకే క్యాంప్‌బెల్‌లందరూ రక్తసంబంధీకులు అనుకోకూడదు.

మాక్ తర్వాత మనిషి పేరే ఉండాలని లేదు. మెకింటైర్ అంటే వడ్రంగి కొడుకు. మెక్‌ఫర్సన్ పాస్టరు కొడుకు, మెక్‌టాగర్ట్ పూజారి కొడుకు, మెక్‌నాబ్ మఠాధిపతి కొడుకు. మెకింటాష్ దొర కొడుకు. సేవకుడు అనే అర్థంతో కొన్ని ఉన్నాయి, గిల్‌క్రిస్ట్ అంటే క్రీస్తు దాసుడు, గిలెస్పీ అంటే బిషప్ దాసుడు.

రాయలసీమ_రాగి

క్యాంప్‌బెల్ అంటే ‘అందమైన పొలం’ అని ఒక సైటులో చదివాను. తెలుగు వ్యాకరణం రాసిన ఎ.డి. క్యాంప్‌బెల్ ఉన్నారు కదా, 1816లో. అది నిజమేనా?

పాత_కాగితాలు

కాదండీ. గేలిక్‌లో ‘కామ్’ అంటే వంకర, ‘బేల్’ అంటే నోరు. క్యాంప్‌బెల్ అంటే వంకరనోటివాడు. లాటిన్‌లో దస్తావేజులు రాసే గుమాస్తాలు దీన్ని ‘కాంపో బెల్లో’ అని, అంటే అందమైన పొలం అని, కొంచెం అందంగా రాశారు. ఆ రాతల వల్లే మధ్యలో ‘ప’ దూరింది. నిజంగా అందమైన పొలం అనే అర్థం ఉన్న ఇంటిపేరు బీచమ్. ఫ్రెంచిలో బోషాం, ఇంగ్లీషువాళ్ళ నోట బీచమ్.

అవమానంగా ఉండే అడ్డపేరును ఏ దొరవంశమూ ఎందుకు భరిస్తుంది అని అడుగుతారు. స్కాట్లండులో అది తప్పుగా చూడలేదు. కామరాన్ అంటే వంకరముక్కు. కెన్నెడీకి మూలమైన గేలిక్ పేరులో వికారమైన తల అనే మాట ఉంది. క్రుక్‌షాంక్ అంటే వంకరకాలు. ఆ మనిషి గొప్పవాడైతే పేరు అర్థం ఎవరికి కావాలి?

కెర్ అనే ఇంటిపేరు గురించీ ఇలాగే ఒక కథ ఉంది. గేలిక్‌లో ఆ ధ్వనికి ఎడమచేతివాటం అనే అర్థం ఉంది కాబట్టి కెర్‌లందరూ ఎడమచేత్తో కత్తి తిప్పేవారనీ, వాళ్ళ కోటల్లో మెట్లు అందుకే ఎదురు దిశలో తిరుగుతాయనీ చెబుతారు. నిజానికి ఆ పేరు నార్స్ భాషలో, అంటే డేన్‌లు, నార్వే వాళ్ళ పాత భాషలో, ‘క్యార్’ నుంచి వచ్చింది, చిత్తడి నేలలో పొదలు అని అర్థం. కథ బాగుంది కాబట్టి జనం వదలరు.

వంశవృక్షం

పేరు వల్ల ప్రాణం పోయిన చరిత్ర కూడా ఉంది, అది కూడా రాయాలి. మాక్‌గ్రెగర్ వంశం 1603లో గ్లెన్ ఫ్రూయిన్ దగ్గర కహూన్ వంశం మనుషుల్ని చంపారు. ఆరో జేమ్స్ రాజు ప్రభుత్వం అదే ఏడు ఏప్రిల్‌లో మాక్‌గ్రెగర్ అనే పేరునే నిషేధించింది. ఆ పేరు పెట్టుకుంటే మరణశిక్ష. వాళ్ళు రాత్రికి రాత్రి మరే, గ్రాంట్, డ్రమండ్, క్యాంప్‌బెల్ లాంటి ఇంటిపేర్లు తగిలించుకున్నారు. 1661లో నిషేధం ఎత్తేశారు, 1693లో మళ్ళీ పెట్టారు, 1774లో పూర్తిగా రద్దు చేశారు. రాబ్ రాయ్ మాక్‌గ్రెగర్ 1734లో చనిపోయేదాకా కాగితాల మీద వాళ్ళమ్మ ఇంటిపేరు క్యాంప్‌బెల్ వాడుకోవాల్సి వచ్చింది.

ఒక జాతి జనం నోటి నుంచి తమ పేరే లాగేసుకోవడం కంటే పెద్ద శిక్ష నాకు తోచడం లేదు. నిషేధం ఉన్నన్నాళ్ళూ ఇంట్లో గుసగుసగా చెప్పుకుని ఆ పేరును కాపాడుకున్నారు. స్కాట్లండులో గ్రాంట్ అని, మరే అని ఉన్న ప్రతి కుటుంబమూ మొదటి నుంచీ ఆ పేరుదే అని ధైర్యంగా చెప్పలేకపోవడానికి కారణం ఇది.

లీడ్స్_లక్ష్మి

మీరు రాసింది చదివి మనసు కలుక్కుమంది అన్నా.

ఆడవాళ్ళ సంగతి కూడా ఒకటి. ఇంగ్లండులో పెళ్ళైతే భార్య ఇంటిపేరు పోయి భర్తది వచ్చేది, చట్టం ముందు ఆమెకు విడిగా ఉనికే ఉండేది కాదు. స్కాట్లండులో మాత్రం పెళ్ళయ్యాక కూడా పుట్టింటి పేరే సాగేది. సమాధిరాళ్ళ మీద, దస్తావేజుల్లో ఆమె పుట్టింటి పేరే చెక్కి ఉంటుంది. వంశవృక్షం వేసేవాళ్ళకు ఇది వరం. ఇంగ్లండులో అయితే అమ్మమ్మ ఎవరి అమ్మాయో కనుక్కోవడానికి తల ప్రాణం తోకకొస్తుంది.

గోదావరి_బిడ్డ

ఇన్ని సంగతులు వస్తాయని అనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. మరి బ్రౌన్ గారి పేరు రంగు పేరేనా, దానిలోనూ ఏదైనా మెలిక ఉందా? ఆన్‌లైన్లో ‘మీ ఇంటిపేరుకు రాజముద్ర’ అని డాలు ఆకారంలో ఉండే వంశచిహ్నాలు అమ్ముతున్నారు. కాటన్ ముద్ర కొని స్కూలుకు ఇద్దామనుకున్నాం. అది నమ్మదగిందేనా?

పాత_కాగితాలు

బ్రౌన్ రంగు పేరే. జుట్టు, ఒంటి ఛాయ, ఎప్పుడూ వేసుకునే బట్టల రంగు, ఏదైనా కావచ్చు. రీడ్ కూడా అంతే, పాత ఇంగ్లీషులో ఎరుపు. రసెల్ ఫ్రెంచిలో చిన్న ఎర్రోడు. స్కాట్లండులో మాత్రం కొందరు బ్రౌన్‌లు గేలిక్‌లో న్యాయమూర్తి కొడుకు అనే ఇంటిపేరును ఇంగ్లీషులోకి మార్చుకున్నవాళ్ళు. మన బ్రౌన్ గారి తండ్రి డేవిడ్ బ్రౌన్ యార్క్‌షైర్‌ నుంచి కలకత్తా వచ్చిన పాస్టరు కాబట్టి ఇంగ్లీషు బ్రౌన్‌లే.

ముద్ర మాత్రం కొనకండి. ఇంగ్లండులో గానీ స్కాట్లండులో గానీ రాజముద్ర ఇంటిపేరుకు ఇవ్వరు, ఒక మనిషికి ఇస్తారు, వారసులకు వెళుతుంది. లండన్‌లో కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్, ఎడిన్‌బరాలో లార్డ్ లయన్ దానికి అధికారులు. స్కాట్లండులో వేరేవాళ్ళ ముద్ర వాడితే కేసు కూడా అవుతుంది. మీరు ఆ డబ్బుతో స్కూల్లో కాటన్ గారి ఆనకట్ట మ్యాప్ పెద్దది వేయించండి, పిల్లలు రోజూ చూస్తారు.

ఎడిన్‌బరా_తెలుగోడు

గళ్ళబట్టల సంగతీ అలాంటిదే. ఒక్కో ఇంటిపేరుకు ఒక్కో టార్టాన్ అనేది వేల ఏళ్ళ సంప్రదాయం అని ఇక్కడి టూరిస్టు షాపుల్లో చెబుతారు. 1822లో నాలుగో జార్జి ఎడిన్‌బరా వచ్చినప్పుడు వాల్టర్ స్కాట్ చేసిన ఏర్పాట్లలో వంశానికో గళ్ళు అనే మోజు పెరిగింది. తర్వాత మిల్లులవాళ్ళు దాన్ని పట్టుకుని వ్యాపారం చేశారు. బట్ట అందంగా ఉంటుంది, కొనుక్కోండి. చరిత్ర అని మాత్రం కొనకండి.

రాయలసీమ_రాగి

మా పత్తికొండలో 1827లో కలరాతో పోయిన మన్రో దొర గురించి ఎవరూ చెప్పలేదు. ఆయన స్కాట్లండువాడే కదా?

ఎడిన్‌బరా_తెలుగోడు

అవునన్నా, 1761లో గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి వర్జీనియా పొగాకు వ్యాపారి, అమెరికా యుద్ధంతో దివాళా తీశాడు. మన్రోలు ఉత్తరాన రాస్ ప్రాంతం వాళ్ళు. గేలిక్‌లో వాళ్ళను ‘రోహక్’ అంటారు, ‘రో’ వాడు అని. ఆ రో అంటే ఐర్లండులో డెర్రీ దగ్గర పారే రో నది అనీ, ఆ నది ముఖద్వారం నుంచి వచ్చినవాళ్ళమనీ వంశ సంప్రదాయం చెబుతుంది. ఇక్కడ 3000 అడుగులు దాటిన కొండల్ని కూడా మన్రోలు అంటారు, 282 ఉన్నాయి. 1891లో ఆ జాబితా వేసిన హ్యూ మన్రో పేరుతో వచ్చింది, మన మన్రో దొరతో కాదు.

పక్కనే రాస్ కూడా చెప్పేస్తాను. శ్రీ గారి సికింద్రాబాదులో 1897లో దోమలో మలేరియా క్రిమిని చూసిన రొనాల్డ్ రాస్ ఇంటిపేరు గేలిక్ ‘రోస్’ నుంచి, సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల అని అర్థం.

సికింద్రాబాద్_శ్రీ

మా రెసిడెన్సీ కట్టించిన కిర్క్‌పాట్రిక్ కూడా స్కాట్లండు పేరేనా?

పాత_కాగితాలు

అవును. డంఫ్రీస్‌షైర్‌లో ఊరి పేరు. కిర్క్ అంటే చర్చి, నార్స్ మాట. మామూలుగా అయితే పాట్రిక్ కిర్క్ అని ఉండాలి. కిర్క్ మాట నార్స్‌ది, వరస మాత్రం గేలిక్‌ది. రెండు భాషలు మాట్లాడే జనం ఒకేచోట కలిసి బతికిన ప్రాంతం అది.

రాయలసీమ_రాగి

చివరిగా ఒకటి. ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్ళందరూ ఒకే మూలపురుషుడి వాళ్ళా? మా అల్లుడు లండన్‌లో డీఎన్‌ఏ టెస్టుల కంపెనీలో చేస్తాడు, అతనూ తేల్చి చెప్పలేకపోయాడు.

లీడ్స్_లక్ష్మి

పేరును బట్టి ఉంటుంది అన్నా. స్మిత్‌లు ప్రతి ఊళ్ళో విడివిడిగా పుట్టారు, ప్రతి ఊళ్ళోనూ కమ్మరి కొలిమి ఉంది కదా. ఇంగ్లండులోనూ స్కాట్లండులోనూ ఎక్కువమంది ఉన్న ఇంటిపేరు అదే. అందుకే ఇద్దరు స్మిత్‌లు కలిస్తే చుట్టాలు అనుకోవడానికి లేదు.

మా యార్క్‌షైర్ పేర్లు వేరు. గ్రీన్‌వుడ్ లాంటివి ఒకే లోయలో పుట్టి ఊరూరా పాకాయి. సైక్స్ అంటే చిన్న వాగు, హద్దుగా పారే పిల్లకాలువ. బ్రయన్ సైక్స్ అనే జన్యుశాస్త్రవేత్త 2000లో తన ఇంటిపేరున్న మగవాళ్ళలో, తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్ పరీక్షిస్తే సగానికి కాస్త తక్కువమందిలో ఒకే గుర్తు, అంటే ఒకే మూలపురుషుడి జాడ, కనబడింది. వాగులు ఎక్కడైనా ఉంటాయి కాబట్టి పేరు చాలాచోట్ల పుట్టి ఉంటుందని అంతకుముందు అనుకునేవారు. మిగతా సగం సంగతికి దత్తతలు, మారు పెళ్ళిళ్ళు, అమ్మ పేరుతో పెరిగిన పిల్లలు, ఇలా ఆరేడు వందల ఏళ్ళలో జరిగేవన్నీ కారణమే.

మీ అల్లుడికి చెప్పండి, టెస్టు చేసేముందు 1881 జనగణనలో ఆ ఇంటిపేరు ఏ జిల్లాలో గుంపుగా ఉందో చూడమని. రైళ్ళు వచ్చాక కూడా చాలామంది పూర్వీకుల ఊరికి పాతిక మైళ్ళ లోపే ఉండిపోయారు. తర్వాత చర్చి రిజిస్టర్లు, ఇంగ్లండులో 1837 నుంచి, స్కాట్లండులో 1855 నుంచి సర్కారు నమోదులు. స్కాట్లండు పత్రాల్లో తల్లి పుట్టింటి పేరు కూడా ఉంటుంది కాబట్టి పని సగం తగ్గుతుంది.

సికింద్రాబాద్_శ్రీ

మా దగ్గర పాత కంటోన్మెంటు సమాధుల్లో గౌ, బేన్, లారిమర్ అనే పేర్లు చూశాను. వీలుంటే వాటి అర్థం చెప్పండి, ఈ ఆదివారం మా కుర్రాళ్ళతో కలిసి రాళ్ళ మీద రాతలు కాపీ చేస్తున్నాం.

ఎడిన్‌బరా_తెలుగోడు

గౌ అంటే గేలిక్‌లో కమ్మరి, స్మిత్‌కు సోదరుడు. బేన్ అంటే తెల్లటి జుట్టువాడు. లారిమర్ గుర్రపు కళ్ళేలు, రికాబులు చేసేవాడు. శ్రీ గారూ, పేరుతో పాటు రాయి మీద ‘ఫలానా కౌంటీ వాసి’ అని ఉంటే అది తప్పకుండా రాసుకోండి, రెజిమెంటు పేరు కూడా. కౌంటీ ఉంటే నేను ఇక్కడి రిజిస్టర్లలో వెతికి పెడతాను. ఫొటో తీసేటప్పుడు రాయి మీద సుద్ద రుద్దకండి, అక్షరాలు పాడవుతాయి. పొద్దున్నే పక్క నుంచి ఎండ పడేటప్పుడు తీస్తే చాలు.